నిలువ నీడ లేనివారికి చట్టం ఏమిచ్చింది?



నిర్గమకాండం 22వ అధ్యాయంలో ఒక చిన్న చట్టం ఉంది. పేదవాడు అప్పు తీసుకుని తన పైవస్త్రాన్ని కుదువపెడితే, అప్పిచ్చినవాడు పొద్దు గూకేలోగా దాన్ని తిరిగి ఇచ్చివేయాలి. కారణం కూడా అక్కడే ఉంది. ఆ పేదవానికి కప్పుకొనడానికి ఉన్నది అదొక్కటే. అది లేకపోతే రాత్రి దేనిలో పడుకుంటాడు? ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం ఇంకొక నియమం కూడా చేర్చింది. తాకట్టు వస్తువు తీసుకొనడానికి వచ్చినవాడు పేదవాని ఇంట్లోకి దూరకూడదు, బయటే నిలబడాలి.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. మోషే ధర్మశాస్త్రం అప్పిచ్చినవాణ్ణి జాలిపడమని బతిమాలటం లేదు, ఆజ్ఞాపిస్తున్నది. ఆ దుప్పటి ఆ రాత్రికి పేదవాని హక్కు. ఈ చట్టాన్ని మీరినవారిని ఆమోసు ప్రవక్త ఊరికే వదలలేదు. తాకట్టు బట్టలు పరచుకుని బలిపీఠాల ప్రక్కనే పడుకున్నవారని ఎండగట్టాడు. అంటే వాళ్ళు గుడికి రాని జనం కారు, వచ్చే జనమే.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో న్యాయానికి మేము కంఠస్థం చేసిన నిర్వచనం ఇది: ఎవరికి చెందవలసినది వారికి ఇవ్వడం. నాది నీకిస్తే దానం. నీది నీకిస్తే న్యాయం. మన విచారణలలో చలికాలం దుప్పట్లు పంచే మంచి అలవాటు ఉంది. పంచవద్దని నేననను. పంచండి, కాని జనవరి ఆఖరున కాదు, చలి మొదలుకాకముందే పంచండి. అయితే ఆ దుప్పటి అందుకున్న మనిషికి ఈ దేశపు చట్టం ఏమేమి ఇచ్చిందో తెలిసినవారు మనలో ఎందరు? ఈ వారం పాఠం అదే.

ముందుగా, ఇల్లు లేనివారంటే ఎవరు? 2011 జనాభా లెక్కలలో ఫిబ్రవరి 28 రాత్రి సిబ్బంది వీధుల వెంట తిరిగి వీరిని లెక్కించారు. రోడ్డు ప్రక్కన, పేవ్‌మెంటు మీద, సిమెంటు తూముల్లో, వంతెనల క్రింద, మెట్ల క్రింద, రైల్వే ప్లాట్‌ఫారాల మీద, గుళ్ళ ఆవరణలలో పడుకునేవారు దేశం మొత్తం మీద 17 లక్షల 70 వేలకు పైగా తేలారు. అది ఆ ఒక్క రాత్రి కంటబడిన వారి సంఖ్య.

ఇప్పుడు బొంబాయికి వెళ్దాం, ఎందుకంటే ఈ విషయంలో మన న్యాయశాస్త్రం అక్కడి పేవ్‌మెంట్ల మీదే పుట్టింది. 1981 జూలైలో, నడి వానాకాలంలో, అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే పేవ్‌మెంట్ల మీద నివసించేవారిని ఖాళీ చేయించి వారి స్వస్థలాలకు పంపివేస్తామని ప్రకటించారు. పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్, పేవ్‌మెంటు నివాసులు కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1985 జూలై 10న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ అధ్యక్షతన అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది.

ఆ తీర్పులోని తర్కం చూడండి. రాజ్యాంగం 21వ అధికరణ ప్రాణానికి రక్షణ ఇస్తున్నది. తిండి సంపాదించుకునే దారి మూసివేస్తే ప్రాణం నిలవదు. కనుక జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఇమిడి ఉంది. కూలివాడు పేవ్‌మెంటు మీద పడుకునేది సరదాకు కాదు. పని ఆ చుట్టుప్రక్కలే ఉన్నది, బస్సు ఛార్జీలు పెట్టుకుని దూరంనుండి రాలేడు. అతన్ని అక్కడనుండి తీసివేస్తే పని పోతుంది, పనితోపాటు బ్రతుకూ పోతుంది. ఇటువంటివారిని నేరబుద్ధితో చొరబడ్డవారిగా చూడరాదని కూడా కోర్టు చెప్పింది.

ఉపన్యాసాలు చెప్పేవారు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. తీర్పులో రెండో సగం కూడా ఉంది. పేవ్‌మెంటు నడిచేవారి కోసం వేసినది, దాని మీద గుడిసె వేసుకునే హక్కు ఎవరికీ లేదని అదే తీర్పు చెప్పింది. తొలగించే అధికారం మునిసిపాలిటీకి ఉన్నది. కాని మామూలుగా ముందు నోటీసు ఇవ్వాలి, ఆ మనిషి చెప్పేది వినాలి. 1976లో లెక్కించి గుర్తింపు కార్డులు ఇచ్చినవారికి వేరే చోటు చూపాలి. వానలు పోయేవరకు, అంటే ఆ ఏడు అక్టోబరు 31 వరకు, ఎవరినీ కదపకూడదు. తీర్పు ఇల్లు ఇవ్వలేదు. చెప్పుకునే అవకాశం ఇచ్చింది, వానాకాలం గడువు ఇచ్చింది. పొద్దు గూకేలోగా దుప్పటి తిరిగి ఇమ్మన్న మోషే చట్టం కూడా అప్పును రద్దు చేయలేదు గదా!

ఈ తేడా నేటికీ ముఖ్యమే. 2024 నవంబరు 13న బుల్‌డోజరు కూల్చివేతల మీద సుప్రీంకోర్టు గట్టి తీర్పు ఇచ్చింది. ఇల్లు కూల్చేముందు 15 రోజుల నోటీసు ఉండాలన్నది, తలదాచుకునే చోటు కూడా 21వ అధికరణలో భాగమేనన్నది. మంచి తీర్పే. అయితే రోడ్డు, ఫుట్‌పాతు, రైలు పట్టాల ప్రక్క, నీటి వనరుల మీద ఉన్న అక్రమ కట్టడాలకు ఆ 15 రోజుల నియమం వర్తించదని అందులోనే ఉంది. అంటే గోడలున్న ఇంటికి వచ్చిన రక్షణ టార్పాలిను కప్పుకున్నవానికి రాలేదు. వానికి ఇంకా 1985 నాటి తీర్పే దిక్కు.

పడుకునే చోటు మాటేమిటి? 2009 డిసెంబరు చలిలో ఢిల్లీలో ఒక తాత్కాలిక వసతిని అధికారులు తొలగించారు. విషయం కోర్టులకు ఎక్కింది. 2010 జనవరిలో సుప్రీంకోర్టు ఢిల్లీలో వెంటనే వసతి ఏర్పాటు చేయమన్నది, ఆ తరువాత మిగతా రాష్ట్రాలను కూడా నిలదీసింది. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలలో దీనికి లెక్క కట్టారు. పట్టణంలో ప్రతి లక్ష జనాభాకు కనీసం వందమందికి సరిపడే శాశ్వత వసతి ఉండాలి, అది ఇరవై నాలుగు గంటలూ తెరచి ఉండాలి, మనిషికి 50 చదరపు అడుగుల చోటు ఉండాలి. 2011 లెక్కల ప్రకారం విజయవాడ జనాభా పది లక్షలు దాటింది. ఆ కొలతన ఒక్క విజయవాడలోనే వెయ్యిమందికి చోటు ఉండాలి. మీ పట్టణానికి మీరే లెక్క వేసుకుని, మీ మునిసిపల్ కార్యాలయంలో నిరాశ్రయుల వసతి గృహాలు ఎన్ని, ఎక్కడ అని ఒక అర్జీ పెట్టి చూడండి. రాష్ట్రాలు ఈ పని సరిగా చేయలేదని తోచి సుప్రీంకోర్టు 2016లో విశ్రాంత న్యాయమూర్తి కైలాష్ గంభీర్ అధ్యక్షతన ఒక కమిటీని వేయవలసి వచ్చింది.

ఒక పెద్దమనిషి నన్ను అడిగారు: “ఫాదరుగారూ, వీళ్ళు అడుక్కుంటూ దారికడ్డంగా ఉంటే చట్టం ఊరుకుంటుందా?” ఊరుకోదు. తెలుగునాట 1977 నాటి భిక్షాటన నిరోధక చట్టం ఉండనే ఉంది. 2017 నవంబరులో ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సుకు ముందు హైదరాబాదులో రెండు నెలలపాటు భిక్షాటనను నిషేధించారు. వీధుల్లోనివారిని తీసుకుపోయి చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ళ ఆవరణలలోని ఆశ్రమాలలో ఉంచారు. తిండి పెట్టారు, నిజమే. కాని నేరం చేయని మనిషికి జైలు ఆవరణ ఎందుకు? మరుసటి ఏడు, 2018 ఆగస్టులో, ఢిల్లీ హైకోర్టు అక్కడ అమలులో ఉన్న భిక్షాటన చట్టంలోని శిక్ష సెక్షన్లను కొట్టివేసింది. ఆ తీర్పు ఢిల్లీ వరకే. 2021 జూలైలో వీధుల్లో బిచ్చగాళ్ళు లేకుండా చేయమని వచ్చిన కోరికను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. బిచ్చమెత్తడం పేదరికంనుండి పుట్టిన సమస్య అన్నది. ఆ ధర్మాసనంలో ఉన్న డి.వై. చంద్రచూడ్, 1985 తీర్పు చెప్పిన వై.వి. చంద్రచూడ్ కుమారుడే.

వీధుల్లో మతిస్థిమితం లేక తిరిగేవారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. వీరిని చూసి మనం తలుపులు వేసుకుంటాం, లేదా పండుగ దగ్గరపడగానే గుడి వరండాలోనుండి తోలివేయమని కాపలాదారుకు చెబుతాం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షను చదవండి. తమ బాగోగులు చూసుకోలేని స్థితిలో తిరుగుతున్నవారిని రక్షణలోకి తీసుకోవడం పోలీసు స్టేషను అధికారి బాధ్యత. 24 గంటలలోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. లాకప్పులో గాని, జైలులో గాని ఉంచకూడదు. తప్పిపోయిన మనిషిగా ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేసి, కుటుంబాన్ని వెదికి పట్టుకోవడం కూడా ఆ అధికారి పనే. ఎక్కడో ఒక తల్లి ఆ బిడ్డ కోసం ఎదురు చూస్తూ ఉంటుంది. స్టేషనులో కాదంటే ఈ సెక్షను నంబరు చెప్పండి. ఒక్కరే వెళ్ళవద్దు, విన్సెంట్ డి పాల్ సభవారిని ఇద్దరిని వెంట తీసుకువెళ్ళండి. న్యాయసేవల ప్రాధికార సంస్థ నంబరు 15100. స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి, తక్కువ ఆదాయం ఉన్నవారికి ఉచితంగా లాయరును ఇస్తారు. దిక్కులేని పిల్లలు కనబడితే 1098కి ఫోను చేయండి.

1987ను ఐక్యరాజ్యసమితి నిరాశ్రయుల వసతి సంవత్సరంగా జరిపినప్పుడు, రోమునుండి న్యాయ శాంతి కమీషను ఒక పత్రం వెలువరించింది. తన తప్పు లేకుండా తగిన ఇల్లు లేని మనిషి అన్యాయానికి గురైనవాడని అందులో ఉంది. దురదృష్టవంతుడని కాదు, అన్యాయానికి గురైనవాడని.

ఆఖరుగా ఓటు. ఇల్లు లేకపోతే ఓటు ఉండదని మనవారిలో చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఫారం-6లో తాను రాత్రి పడుకునే చోటు వ్రాయాలి, అది వంతెన క్రింద అయినా సరే. నివాసానికి కాగితం చూపనక్కరలేదు. బూత్ స్థాయి అధికారి స్వయంగా రాత్రివేళ వచ్చి, ఆ మనిషి అక్కడే పడుకుంటున్నాడా లేదా చూడాలి. ఒక్కసారి వచ్చి, కనబడలేదని వ్రాసుకుని పోవడానికి వీలులేదు. ఒకటికంటె ఎక్కువ రాత్రులు రావాలని ఎన్నికల సంఘం నియమం. ఫారం నింపడానికి అక్షరం రానివారికి మన యువతా సంఘం పిల్లలు సాయపడవచ్చు. అధికారి వచ్చే రాత్రి ఎవరైనా ఒకరు అక్కడ తోడు ఉంటే ఇంకా మంచిది.