ప్రశ్నలు – జవాబులు: తోటివారి మాట

ప్రశ్న: ఆర్యా, మొయినాబాదు సమీపమున ఇంజనీరింగు చదువుచున్నాను. బీజాపూరు రహదారిపై గల మా చేవెళ్ల మర్రిచెట్లను గూర్చి తరగతి పనిగా ఒక వెబ్‌సైటు రూపొందించితిని. లేతాకుపచ్చపై బూడిదరంగు అక్షరములు పెట్టితిని. తోటి విద్యార్థులు చదువలేకపోతిమనిరి. ఫొటోలు తెరుచుకొనుటకు జాగగుచున్నదనిరి. ఒకడు ఆకుపచ్చ తీసి నీలము పెట్టుమనెను. మరియొకడు, ‘ఇరుకు రోడ్డున జరుగు ప్రమాదముల మాట ఇందులో ఏది?’ అని నిలదీసెను. వారికి వ్రాతమూలకముగా సమాధానమీయవలెనట. ఏమని వ్రాయుదును?
— ఒక విద్యార్థిని, చేవెళ్ల

జవాబు: అమ్మాయీ! అప్పా కూడలి మొదలు మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల మేర నిలిచిన దాదాపు 900 మర్రిచెట్లు, రహదారి విస్తరణ కారణముగా జాతీయ హరిత ట్రైబ్యునలు ముంగిట వివాదమునకు విషయమైనవి. అట్టి వృక్షముల పక్షమున మాటాడబూనిన నీకు తోటివారి ఆక్షేపణ కష్టము కలిగించుట సహజమే గాని, చదువరికి అందని పుట వలన ఆ చెట్లకు ఒనగూడు మేలు లేదు గదా.

వారి మాటలలో బాధ యొకటి, మందొకటి కలిసి యున్నవి. బాధను నమ్ముము, మందును నీవే నిర్ణయింపుము. నీలము కోరినవాని ఇబ్బంది ఆకుపచ్చతో గాదు, దానిలో అక్షరము ఇంకిపోవుటతో. సాధారణ అక్షరమునకును దాని వెనుక రంగునకును కాంతిభేదము కనీసము 4.5:1 ఉండవలెనని అంతర్జాతీయ వెబ్ ప్రమాణములు చెప్పుచున్నవి. అక్షరములను ముదురు చేసినచో నీ ఆకుపచ్చయు నిలుచును, వాని కంటికి శ్రమయు తప్పును. తెలుగున మరియొక చిక్కు కలదు: ‘రాష్ట్రము’ అని వ్రాసినప్పుడు కిందికి దిగు ఒత్తులు, ఇంగ్లీషు లిపికి సరిపోవు ఎడములో, దిగువ వరుస గుడులను తాకి చీకాకు పుట్టించును. కావున వరుసల ఎడమును పెంచుము. ఫొటోల వెడల్పును 1200 పిక్సెళ్లకు కుదించినచో, చేవెళ్ల బస్టాండులో నిలబడి ఫోనున చూచువానికిని అవి త్వరగా తెరుచుకొనును.

ప్రమాదములను గూర్చిన ప్రశ్న నిన్ను ఎక్కువ నొప్పించి యుండును. నేను దానినే మిక్కిలి విలువైనదిగా ఎంచెదను. ఆ త్రోవన నిత్యము బస్సులలో పోవు పల్లెవాసుల భయము నిజమైనది. దానిని చెప్పని పుట ఇదివరకే చెట్లను ప్రేమించువారిని సంతోషపెట్టునేమో గాని, ఒప్పింపవలసినవారిని దూరము చేయును.

సమాధానమున క్షమాపణలును వలదు, వాదములును వలదు. ఇట్లు వ్రాయుము: ‘అక్షరములను ముదురు చేసితిని. రంగు మార్చలేదు, ఏలయన ఆకుపచ్చయే ఈ విషయమునకు తగినదని నా తలంపు. ఇప్పుడు చదువగలుగుచున్నావేమో చూచి చెప్పుము. ప్రమాదములను గూర్చి వేరొక పుట చేర్చుచున్నాను. మీ ఊరివారి మాటలు సేకరించుటకు తోడు రమ్ము.’

మరల చూపునప్పుడు నీవు వివరింపక, వారి వ్రేలు ఎచ్చట తడబడునో గమనింపుము. లోపములలో అధికభాగము బయటపడుటకు ఐదుగురు చాలునని వెబ్‌సైట్ల వాడుకను పరిశీలించు నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే వ్రాసెను.

ప్రశ్న: మిత్రుని వెబ్‌సైటు బాగులేదు. నొప్పింపక చెప్పుట ఎట్లు?
— ఒక విద్యార్థి, మొయినాబాదు

జవాబు: ‘బాగులేదు’ అనిన అతడు ఏమి దిద్దుకొనును? నీవు ఏది వెదకితివో, ఏది నొక్కితివో, ఏమి వచ్చునని తలచి ఎచ్చట ఆగిపోతివో, అంతమాత్రమే చెప్పుము. దిద్దుబాటు అతడు అడిగినప్పుడే.