యుద్ధ వార్తలు - కెమెరా చేరని కొండలు



జులై 26 వచ్చిందంటే మన హాస్టల్ రీడింగ్ రూములో అందరం టీవీ ముందు చేరి కార్గిల్ విజయ్ దివస్ చూడటం మామూలే. టైగర్ హిల్ మీద జెండా, తోలోలింగ్ శిఖరం, నిప్పులు కక్కే బోఫోర్స్ ఫిరంగి, ఏటా ఇవే దృశ్యాలు. మేము ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు ఒకసారి గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉండే మిలటరీ బాబాయిని కూడా చూడటానికి పిలిచాము. ఆయన గుమ్మంలోనే నిలబడి రెండు నిమిషాలు చూసి, "మా కొండలు చూపరురా వీళ్ళు" అని మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆయన 1999లో ఫిరంగి దళంలో గన్నర్‌గా బటాలిక్ దగ్గర పనిచేశారని మాకు తర్వాత తెలిసింది. బటాలిక్ ఎక్కడుందో అప్పుడు మాకు తెలియదు. మా ఇంట్లో డిగ్రీ గడప తొక్కింది మేమే మొదటివాళ్ళం. ఇప్పుడు జర్నలిజంలో పి.జి. చదువుతూ ప్రాజెక్టు పని మీద యూనివర్సిటీ లైబ్రరీలో ఆనాటి పేపర్ల కట్టలు తిరగేస్తుంటే బాబాయి మాట గుర్తుకొచ్చింది. ఆ కొండల కోసం వెతికాము. ఆ వెతుకులాటలో తెలుసుకున్న సంగతులే ఈ వ్యాసం.

రోడ్డు ఉన్నచోటే వార్త

కార్గిల్ యుద్ధం ఒక్క కొండ మీద జరిగింది కాదు. నియంత్రణ రేఖ వెంబడి నూట యాభై కిలోమీటర్లకు పైగా ముష్కో, ద్రాస్, కాక్సర్, బటాలిక్, తుర్తుక్ అనే ప్రాంతాల్లో శత్రువు మన కొండలెక్కి కూర్చున్నాడు. వీటిలో ద్రాస్ ఊరు శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే జాతీయ రహదారి మీదే ఉంది. తోలోలింగ్ కొండ ఆ రహదారి నెత్తిన ఉన్నట్టే ఉంటుంది. విలేకరి జీపు దిగి, రోడ్డు పక్క బండరాయి చాటున కెమెరా పెడితే చాలు, కొండ మీద పేలుళ్ళు కనిపిస్తాయి. సాయంత్రానికి వార్త పంపించేయవచ్చు.

బటాలిక్ అలా కాదు. కార్గిల్‌కు తూర్పుగా సుమారు 60 కిలోమీటర్ల దూరంలో, సింధు నది లోయలో ఉంటుంది. అక్కడి నుంచి యుద్ధం జరిగే శిఖరాలకు వాహనాలు పోవు. బియ్యం, నీళ్ళు, తూటాలు అన్నీ మనుషులూ కంచరగాడిదలూ మోసుకుపోవలసిందే. సైనికుడికే అంత కష్టమైన చోటికి కెమెరా ఎలా వెళుతుంది?

న్యాయంగా చెప్పాలంటే ద్రాస్ పెద్ద వార్త కావటానికి ఇంకో కారణం కూడా ఉంది. తోలోలింగ్ మీద కూర్చున్న శత్రువు రహదారి మీద గుళ్ళు కురిపిస్తున్నాడు. ఆ దారి తెగితే లడఖ్‌కు సరుకులు వెళ్ళే ముఖ్యమైన దారి పోతుంది. కాబట్టి అక్కడికి వెళ్ళిన విలేకరులు తప్పు చేశారని మేము అనటం లేదు. ప్రాణాలకు తెగించి రాసినవాళ్ళే చాలామంది. అయితే వాళ్ళు చూసినంత మేరకే యుద్ధం జరిగిందని మనం అనుకోవటంలో ఉంది చిక్కు.

బటాలిక్‌లో జరిగిందేమిటి?

అసలు ఈ యుద్ధం మొదటి వార్త వచ్చిందే బటాలిక్ నుంచి. 1999 మే 3న తాషీ నాంగ్యాల్ అనే పశువుల కాపరి తప్పిపోయిన తన జడలబర్రెను వెతుక్కుంటూ వెళ్ళి, కొండ మీద కొత్త మనుషులను చూసి సైన్యానికి చెప్పాడు. ఆయన 2024 డిసెంబరులో కన్నుమూశారు.

మే నెలాఖరులో చోర్‌బత్ లా అనే కనుమ దగ్గర లడఖ్ స్కౌట్స్‌కు చెందిన మేజర్ సోనమ్ వాంగ్‌చుక్ తన కొద్దిమంది జవాన్లతో మంచు కొండ మీదికి వెళ్ళారు. శత్రువు పొంచి ఉండి కాల్పులు జరిపితే ఒక జవాను అక్కడే చనిపోయాడు. అయినా వాంగ్‌చుక్ చెదరక పక్కనుంచి ఎదురుదాడి చేసి ఆ ఎత్తులను నిలబెట్టారు. ఇది తోలోలింగ్ మన చేతికి వచ్చిన జూన్ 13 కంటే దాదాపు రెండు వారాల ముందు మాట. ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు. 2000 జూన్ 1న లడఖ్ స్కౌట్స్ దళాన్ని పూర్తి స్థాయి పదాతి రెజిమెంటుగా మార్చారు. అయినా మన పిల్లల్ని కార్గిల్‌లో మొదట గెలిచిన కొండ ఏదని అడిగితే తోలోలింగ్ అనే చెబుతారు. మేమూ పదో తరగతి వక్తృత్వ పోటీలో అలాగే చెప్పి బహుమతి కూడా తీసుకున్నాము!

అదే రోజుల్లో, మే 29న, బటాలిక్‌లోనే 1 బిహార్ రెజిమెంటుకు చెందిన మేజర్ శరవణన్ శత్రు స్థావరం మీద దాడి చేస్తూ నేలకొరిగారు. ఆయన భౌతికకాయం నెల రోజులకు పైగా ఆ మంచులోనే ఉండిపోయింది. ఆ కొండ మళ్ళీ మనది అయ్యాకే కిందికి తేగలిగారు.

వైమానిక దళం సంగతి ఇంకా విచిత్రం. మే 27న రెండు మిగ్ విమానాలు పోయాయి. ఫ్లైట్ లెఫ్టినెంట్ నచికేత పట్టుబడ్డారు. స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహూజా మరణించారు. మరునాడు ఎం.ఐ.-17 హెలికాప్టర్ కూలి నలుగురు చనిపోయారు. ఇవి పెద్ద వార్తలయ్యాయి. కావలసినవే. తర్వాత వైమానిక దళం పద్ధతి మార్చుకుంది. హెలికాప్టర్ దాడులు ఆపి, క్షిపణులకు అందనంత ఎత్తు నుంచి బాంబులు వేయటం మొదలుపెట్టింది. జూన్ 17న మిరాజ్ విమానాలు బటాలిక్ ప్రాంతంలోని ముంథో ధాలో అనే చోట శత్రువు సరుకుల శిబిరాన్ని ధ్వంసం చేశాయి. తిండి, మందుగుండు అందకపోతే కొండ మీద ఎంతటివాడైనా ఎన్నాళ్ళు ఉంటాడు? యుద్ధం తెలిసినవాళ్ళు దీన్ని పెద్ద దెబ్బగా లెక్కిస్తారు. కూలిన విమానాలు గుర్తున్నవాళ్ళు ఎందరో ఉన్నారు గానీ, ముంథో ధాలో పేరు విన్నవాళ్ళు మా క్లాసులో ఒక్కరూ లేరు.

ఇక జులై మొదటి వారం. 2వ తేదీ రాత్రి ఖలూబర్ కొండ దారిలోని బంకర్ల మీదికి 1/11 గోర్ఖా రైఫిల్స్ కెప్టెన్ మనోజ్ కుమార్ పాండే తన ప్లాటూనుతో వెళ్ళారు. ఒక్కొక్క బంకరూ పట్టుకుంటూ, గాయాలతోనే ముందుకు సాగి, 3వ తేదీన ప్రాణాలు వదిలారు. అప్పటికి ఆయన వయసు 24. మాకంటే ఒక్క ఏడాది పెద్ద. ఆయనకు పరమవీర చక్ర వచ్చింది. కార్గిల్‌లో ఇచ్చిన నాలుగు పరమవీర చక్రల్లో బటాలిక్‌ది ఇదొక్కటే. ఆ వారంలోనే ఖలూబర్, జుబర్ శిఖరాలు మన చేతికి వచ్చాయి. అయితే జులై 4న టైగర్ హిల్ గెలిచారు. అదే రోజు అమెరికాలో నవాజ్ షరీఫ్, క్లింటన్‌ల సమావేశం జరిగింది. ఇక మొదటి పేజీలో వేరేవాటికి చోటెక్కడ?

టైగర్ హిల్ గొప్పతనాన్ని తగ్గించటం మా ఉద్దేశం కాదు. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య జూన్ 28న ద్రాస్ ప్రాంతంలోనే లోన్ హిల్ మీద ప్రాణాలిచ్చారు. ఆయన్ను తలచుకోవటం మన ధర్మం. మరి బటాలిక్‌లో పోయినవారు? ఆ యుద్ధంలో మనం పోగొట్టుకున్న 527 మందిలో వారూ ఉన్నారు కదా.

పత్రికలది ఒక్కటేనా పక్షపాతం?

పక్షపాతం అనగానే ఎవరో డబ్బు తీసుకుని అబద్ధం రాశారనుకుంటాము. ఇక్కడ ఎవరూ అబద్ధం రాయలేదు. కనబడిందే రాశారు. కనబడని దాని గురించి ఢిల్లీలో రోజూ జరిగే పత్రికా సమావేశంలో అధికారులు చెప్పిందే రాశారు. వాళ్ళు చెప్పకపోతే అదీ లేదు. మన తెలుగు పేపర్లు చాలావరకు వార్తా సంస్థలు పంపిన కాపీనే అనువదించుకునేవి. తెలుగులో ఇరవై నాలుగు గంటల వార్తా ఛానల్ అప్పటికి ఇంకా రాలేదు.

పత్రికలే కాదు, అధికారిక రికార్డు కూడా తప్పుతుంది. బటాలిక్‌లో పోరాడిన 70వ పదాతి బ్రిగేడుకు నాయకుడు బ్రిగేడియర్ దేవీందర్ సింగ్. యుద్ధం తర్వాత తయారైన నివేదికల్లో తన బ్రిగేడు చేసిన పనిని తగ్గించి చూపారని ఆయన న్యాయం కోసం తిరిగారు. పదకొండేళ్ళకు, 2010 మేలో, సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఆయన మాట నిజమేనని తీర్పు చెప్పి, ఆ రికార్డును సరిచేయమన్నది. ఒక బ్రిగేడియర్‌కే పదకొండేళ్ళు పట్టింది. మన మిలటరీ బాబాయి ఏ ట్రిబ్యునల్‌కు వెళతారు?

అవతలి వైపు ఇంకా ఘోరం. కొండల మీద ఉన్నది తమ సైనికులు కాదు, ముజాహిదీన్లని పాకిస్తాన్ చెప్పింది. అక్కడి పత్రికలూ అదే రాశాయి. నిజానికి వాళ్ళలో ఎక్కువమంది నార్తర్న్ లైట్ ఇన్‌ఫెంట్రీ జవాన్లు. తమవాళ్ళు కాదన్నాక శవాలనూ తీసుకోవటానికి వెనకాడారు. అలాంటి ఎందరినో మన సైనికులే ఆ కొండల్లో పాతిపెట్టారు. 2010లో పాకిస్తాన్ సైన్యం తన వెబ్‌సైట్‌లో 453 మంది పేర్లు పెట్టింది. అంతవరకు ఆ తల్లుల్లో చాలామందికి తమ కొడుకు ఏ యుద్ధంలో చనిపోయాడో పైకి చెప్పుకోవటం కూడా కష్టమే.

ఈ రోడ్డు సంగతి మన దేశానికే పరిమితం కాదు. 1968లో వియత్నాంలో టెట్ పండుగ సమయంలో కమ్యూనిస్టు దళాలు ఒక్కసారిగా వందకు పైగా పట్టణాల మీద దాడి చేశాయి. జనవరి 31 తెల్లవారుజామున సైగాన్‌లోని అమెరికా రాయబార కార్యాలయ ఆవరణలోకి కొందరు చొరబడ్డారు. విలేకరులు ఉండే హోటళ్ళు ఆ చుట్టుపక్కలే. ప్రపంచమంతా ఆ దృశ్యాలు చూసి అమెరికా ఓడిపోతోందనుకుంది. ఆ దాడుల్లో నిజంగా ఎక్కువ నష్టపోయింది కమ్యూనిస్టు దళాలే. దీని మీద పీటర్ బ్రేస్ట్రప్ అనే విలేకరి 1977లో 'బిగ్ స్టోరీ' అని పెద్ద గ్రంథమే రాశాడు. కానీ ఇందులో ఇంకో ముక్క ఉంది. యుద్ధం ఇక అయిపోవచ్చిందని అమెరికా ప్రభుత్వం అంతకుముందు చెప్పిన మాట కూడా నిజం కాదు. ఆ ఒక్క విషయంలో పత్రికలే జనాన్ని మేలుకొలిపాయి. అందుచేత "మా విజయాలు రాయటం లేదు" అని ప్రభుత్వం గోల చేసినంత మాత్రాన అన్నీ విజయాలే అనుకోకూడదు. కార్గిల్‌లోనూ శత్రువు అన్ని కొండలు ఎక్కేదాకా మనకెందుకు తెలియలేదన్న ప్రశ్న, విజయోత్సవాల్లో పడి మరిచిపోకూడనిది.

చదివేటప్పుడు

తమ్ముళ్ళూ, ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి. 2025 మేలో మన సైన్యం ఆపరేషన్ సిందూర్ జరిపినప్పుడు కరాచీ ఓడరేవు ధ్వంసమైందని కొన్ని టీవీ ఛానళ్ళు ఊదరగొట్టాయి. అలాంటిది జరగలేదు. లేని విజయం చూపటం, ఉన్న విజయం వదిలేయటం, రెండూ ఒక చెట్టు కాయలే. కాబట్టి యుద్ధ వార్త చూస్తే ముందు విలేకరి ఎక్కడ నిలబడి ఉన్నాడో చూడండి. కొండ దగ్గరా, స్టూడియోలోనా? ఈ మాట ఆయన చూసి చెప్పాడా, ఎవరో అధికారి చెబితే చెప్పాడా? మ్యాపు తెరిచి, వార్తలో పేరు లేని ఊళ్ళు ఏమిటో చూడండి. వారం ఆగి అదే వార్త మళ్ళీ చదవండి. పరీక్షలకు పనికిరాదనుకోకండి.

మనకు ఇది కొత్త విషయమా? మన హాస్టల్‌కు పేపరు వాళ్ళు ఎప్పుడు వచ్చారో గుర్తు చేసుకోండి. మేము ఇక్కడున్న ఐదేళ్ళలో రెండుసార్లే వచ్చారు. ఒకసారి కలుషిత నీళ్ళు తాగి పిల్లలు ఆసుపత్రి పాలైనప్పుడు, ఇంకోసారి పెచ్చులూడిన స్లాబు ఫొటో తీయటానికి. అవి రాయవలసినవే, రాయబట్టే స్లాబు బాగుపడింది. మా బ్యాచ్ పదో తరగతిలో అందరూ పాసైన ఏడాది మాత్రం ఎవరూ రాలేదు. మేమే నలుగురం సైకిళ్ళేసుకుని విలేకరి ఆఫీసుకు వెళ్ళి చీటీ రాసిచ్చి వచ్చాము. జిల్లా ఎడిషన్‌లో నాలుగు లైన్లు వేశారు. ఆ కటింగు మా దగ్గర ఇప్పటికీ ఉంది.

పోయిన సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు రీడింగ్ రూములోని పాత అట్లాసు పట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్ళాము. అందులో కార్గిల్ ఉంది, లేహ్ ఉంది, బటాలిక్ లేదు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసి, సింధు నది గీత మీద వేలు పెట్టి, "ఇదిగో, ఈ వంపు దగ్గర" అన్నారు. పెన్సిలుతో చుక్క పెట్టమన్నాము. పెట్టారు. తర్వాత గంటసేపు చెప్పారు. ఫిరంగి గొట్టం వేడెక్కితే ఏం చేసేవారో, మంచు కరిగించుకుని టీ ఎలా కాచుకునేవారో, గుళ్ళు మోసిన కూలీల్లో ఒకతని పేరేమిటో. అదంతా ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాము. సగమే అయింది. మిగతా సగం రాయటానికి మేము ఇక్కడ ఉండము. రాత్రి భోజనాలయ్యాక ఆయన గేటు దగ్గరే ఉంటారు. తొమ్మిదో తరగతి వాళ్ళెవరైనా అడిగితే నోటు పుస్తకం ఇస్తాము.