గర్భవతులకు బి విటమినులు

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిరువురు స్ప్రూ అను గ్రహణి రోగముచే మరణించిరి. ఆయనకును అదే రోగము రాగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరి. తదుపరి అమెరికాలో ఆయన నాయకత్వమున పరిశోధకులు 1945లో ఫోలిక్ ఆమ్లమును తయారుచేయగలిగిరి. బి విటమినులలో నొకటియగు ఇది లోపించినచో రక్తహీనత కలుగును. స్ప్రూ రోగులకును ఇది ఔషధమైనది.

నేడు మన ఆరోగ్య ఉపకేంద్రములలో గర్భవతులకిచ్చు ఎఱ్ఱని మాత్రలో 60 మిల్లీగ్రాముల ఇనుముతోబాటు ఆ ఫోలిక్ ఆమ్లమే 500 మైక్రోగ్రాములున్నది. నాలుగవ నెల మొదలు 180 దినములు, ప్రసవానంతరము మఱి 180 దినములు, దినమునకొకటి చొప్పున మ్రింగవలెను. కాని వికారమునకును, మలము నల్లబడుటకును జడిసి మాత్రలను గూటిలో పడవేయు ఇండ్లను మేమెఱుగుదుము. ఆ నలుపు ఇనుమువలన కలుగునదే, భయము లేదు. భోజనమైన పిమ్మట వేసికొన్నచో వికారము తగ్గును. టీ, కాఫీలతో మాత్రము పనికిరాదు.

మాత్రలున్నవి గదా యని తోటకూరను, పెసలను మానరాదు. వానియందును ఈ విటమిను కలదు. బియ్యమును పలుమార్లు కడిగి గంజి వార్చుట మన డెల్టాలో అలవాటు. బి1 విటమిను చాలవరకు ఆ నీటితోనే పోవును. కుడితి త్రాగు గేదెకు దక్కినది బాలింతకు దక్కుట లేదు!

అంగన్‌వాడీలో నెలనెలా జరుగు ఆరోగ్య పోషకాహార దినమునకు పంచాయతీ సభ్యులు వెళ్లి, గర్భవతులను ఖాళీయైన మాత్రల అట్టలు తెమ్మని అడుగవలెనని కోరుచున్నాము. ఎవరి మాత్రలు గూటిలోనే ఉన్నవో అప్పుడు తెలియును.