వానాకాలంలోనూ కరకరలాడే బ్రెడ్ స్టిక్స్

ప్రశ్న: మావారిది ఎన్‌ఎండీసీ స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. విశాఖ నుంచి ఇక్కడికి వచ్చాం. ఓటీజీలో ఇటాలియన్ బ్రెడ్ స్టిక్స్ చేస్తే తీసినప్పుడు బాగానే ఉంటున్నాయి, గంట తిరక్కుండా మెత్తబడుతున్నాయి. వేడి పెంచితే మాడుతున్నాయి. బస్తర్ వానల్లో ఇవి కుదరవా అండీ?
– ఒక పాఠకురాలు, నగర్‌నార్

జవాబు: భేషుగ్గా కుదురుతాయి. వాన కంటే ముందు లోపల మిగిలిన తేమను చూడండి. వేడి ఎక్కువైతే పైన రంగు వచ్చేస్తుంది గానీ లోపలి నీరు పోయే వ్యవధి ఉండదు. చల్లారాక ఆ తేమే పైపొరను మెత్తబరుస్తుంది. వీటిని కాల్చడమంటే సగం ఆరబెట్టడమే. ఇటలీలోని ట్యూరిన్‌లో వీటిని గ్రిస్సినీ అంటారు. అజీర్ణంతో బాధపడే బాల రాకుమారుడి కోసం 1679లో వైద్యుడి సలహాపై ఒక రొట్టెలవాడు చేశాడని అక్కడ కథ చెప్పుకుంటారు. కథ మాటెలా ఉన్నా కిటుకు అందులోనే ఉంది: సన్నగా సాగదీసి, మెత్తని గుజ్జు మిగలకుండా కాల్చడం.

మైదా 250 గ్రాములు, ఇన్‌స్టంట్ ఈస్ట్ ఒక చెంచా, ఉప్పు ముప్పావు చెంచా, నూనె రెండు పెద్ద చెంచాలు, గోరువెచ్చని నీళ్లు సుమారు 140 మిల్లీలీటర్లు. పిండి చెవితమ్మెలా మెత్తగా అయ్యేదాకా ఎనిమిది పది నిమిషాలు మర్దించండి. పలకలా పరిచి, పైన నూనె రాసి, గంట మూతపెట్టండి. పొంగాక మళ్లీ పిసక్కండి. వేలి వెడల్పు ముక్కలుగా కోసి, బొంబాయి రవ్వలో దొర్లించి, రెండు కొసలూ పట్టుకుని ట్రే పొడవునా లాగండి. మందం అంతటా ఒకేలా ఉండాలి. కొసలు సన్నబడితే అవే ముందు మాడతాయి.

రెండు రాడ్లూ వేసి, ముందే వేడిచేసిన ఓటీజీలో 170 డిగ్రీల వద్ద 20–25 నిమిషాలు కాల్చండి. మధ్యలో ట్రే తిప్పండి. ఒకటి విరిచి చూడండి: వంగితే ఇంకో ఐదు నిమిషాలు. టక్కున విరిగితే స్విచ్ ఆపి, తలుపు కాస్త తెరిచి, పావుగంట లోపలే వదిలేయండి. మీరు వదిలేస్తున్న మెట్టు బహుశా ఇదే.

ప్రశ్న: మైదా బదులు గోధుమపిండి, రాగిపిండి వాడొచ్చా?
– ఒక పాఠకుడు, జగదల్‌పూర్

జవాబు: పూర్తిగా వద్దు. గోధుమపిండిలోని తవుడు సాగుడును తెంపుతుంది, రాగుల్లో సాగే గుణమే లేదు. 250 గ్రాముల్లో గోధుమపిండి మూడో వంతు దాకా, రాగిపిండి అయితే 50 గ్రాముల దాకా కలపండి. నీళ్లు ఒకటి రెండు చెంచాలు ఎక్కువ పడతాయి. లాగితే తెగుతుంటే పీట మీద చేత్తో దొర్లించండి. మీ వైపు మండియా పేజ్ అనే జావ కాచుకునే రాగులే కాబట్టి పిండికి వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న: ఎన్నాళ్లు నిలవుంటాయి?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పూర్తిగా చల్లారాకే బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టండి, వేడిగా పెడితే ఆవిరి పట్టేస్తుంది. వారం నిశ్చింతగా ఉంటాయి. వానాకాలంలో పైన ఉప్పు చల్లకండి, అది గాలిలోని తేమను లాగుతుంది, నువ్వులు అద్దండి. మెత్తబడినా పారేయకండి. 150 డిగ్రీల వద్ద ఐదారు నిమిషాలు పెట్టి చల్లారనిస్తే మళ్లీ కరకరలాడతాయి.