భోషాణం ఓడెక్కే ముందు

బందరు, గుడివాడ, దివిసీమల్లో పాత పెంకుటిళ్ళు తీసి డాబాలు కట్టుకునే కుటుంబాలకు ఒక చిక్కు వస్తుంటుంది. తాతల నాటి టేకు భోషాణం కొత్త ఇంటి గుమ్మంలో పట్టదు. ఫోటో పంపితే దుబాయిలోనో లండన్‌లోనో ఎవరో మంచి ధర చెబుతారు. ఆ బేరం ధర్మసమ్మతంగా, నష్టం లేకుండా ఎలా ముగించాలో ఈ పాఠంలో చూద్దాం.

ముందు తేల్చుకోవలసింది ధర కాదు, వయసు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన కళాత్మక వస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. విలువైన చేతిరాత ప్రతులకైతే 75 ఏళ్ళే గడువు. కనుక పెట్టె అడుగున పెద్దల చేతిరాత ఖుర్ఆన్ ప్రతి ఉంటే ముందు దాన్ని బయటికి తీయండి. నేరం రుజువైతే ఆరు నెలల నుంచి మూడేళ్ళ వరకు జైలుశిక్ష ఉంది. వయసుపై అనుమానముంటే భారత పురావస్తు శాఖ నిపుణులకు చూపించి, అది పురావస్తువు కాదనే ధ్రువపత్రం తీసుకోవాలి.

కొందరు కొనేవారితో ‘నూట ఇరవై ఏళ్ళ సరుకు’ అంటారు. కస్టమ్స్ కాగితంలో మాత్రం ‘కొత్త ఫర్నిచర్’ అని రాయిస్తారు. రెండింటిలో ఒకటి అబద్ధమే కదా! మొదటిది నిజమైతే పంపడమే నేరం. రెండోది నిజమైతే కొనేవారిని మోసగించినట్లు. విశ్వాసి నోట రెండు చోట్లా ఒకే మాట రావాలి.

దైవప్రవక్త (సఅసం) బజారులో ఒక ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టి చూస్తే లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పాడు. జనానికి కనిపించేలా ఆ తడి గింజలను పైన ఎందుకు ఉంచలేదని ఆయన నిలదీశారు, మోసగించేవాడు తన వాడు కాడని హెచ్చరించారు (ముస్లిం). ఆ రాశిని చెయ్యి పెట్టి చూడగలిగారు. సముద్రం అవతల ఉన్నవారికి ఆ వీలు లేదు. కాబట్టి చెద తిన్న అడుగు పలకను, అతుకు వేసిన మూతను, మార్చిన ఇత్తడి గొళ్ళేన్ని మనమే ఫోటో తీసి పంపాలి.

డబ్బు విషయంలోనూ జాగ్రత్త అవసరం. ధర కన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపి, మిగిలింది ఫలానా రవాణా ఏజెంటుకు చెల్లించమంటే అది మోసమని గ్రహించండి. చెక్కు కొన్నాళ్ళకు తిరిగొస్తుంది, మీరు చెల్లించింది మాత్రం రాదు. సొమ్ము ఖాతాలో ఖాయంగా జమ అయినట్లు బ్యాంకు చెప్పాకే పెట్టె కదలాలి. పెద్ద మొత్తమైతే బ్యాంకు లెటర్ ఆఫ్ క్రెడిట్ మేలు. అయితే బ్యాంకు చూసేది కాగితాలనే, వస్తువును కాదు. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా చెల్లింపు ఆగవచ్చు.

ఇక అసలు తగాదా దారిలో నష్టం గురించి. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యపు ముఖ్య రేవు మన బందరే. ఇక్కడి అద్దకం బట్టలు ఇరాన్‌కు వెళ్ళేవి. తీరంలో లోతు లేక పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి, మూటలు చిన్న పడవల మీద వెళ్ళేవి. ఒడ్డుకూ ఓడకూ మధ్య మూట తడిస్తే నష్టం ఎవరిది? నేటి వ్యాపార షరతులు జవాబిచ్చేది ఈ ప్రశ్నకే. ఎఫ్‌ఓబీ అంటే సరుకు ఓడెక్కేవరకు బాధ్యత అమ్మినవారిది. సీఐఎఫ్‌లో కిరాయి, బీమా అమ్మినవారు కట్టినా బాధ్యత మారేది ఓడ ఎక్కినప్పుడే. ఇది చాలామందికి తెలియదు. డీఏపీ అయితే గమ్యం చేరేదాకా మనదే. హనఫీ ఫిఖహ్ ప్రకారం అప్పగించకముందు వస్తువు నశిస్తే నష్టం అమ్మినవారిదే. కొన్నవారు నియమించిన రవాణాదారుకు అప్పగిస్తే వారికి అప్పగించినట్లే. గడువు పెట్టుకున్న లావాదేవీని రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని సూరా బఖరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. ‘అప్పగింత ఎక్కడ’ అన్నది ఆ కాగితంలో తప్పక ఉండాలి.

బయటి చెక్క పెట్టె వేడిచేసి శుద్ధి చేసినదై, దానిమీద ఐఎస్‌పీఎం-15 ముద్ర ఉండాలి. లేకుంటే చాలా దేశాల రేవుల్లో ఆపేస్తారు.

బీమా సంగతి: వాణిజ్య బీమా ధర్మసమ్మతం కాదని జిద్దాలోని ఫిఖహ్ అకాడమీ 1985లో తీర్మానించింది. అవసరాన్ని బట్టి సడలింపు ఇచ్చే ఉలమాలూ ఉన్నారు. మీ ఊరి ఆలిమ్‌ను బేరం కుదరకముందే అడగండి. ఎఫ్‌ఓబీగా అమ్మితే ఓడ ప్రయాణపు బీమా చేసుకోవాలో లేదో కొన్నవారే నిర్ణయించుకుంటారు. మీకు మిగిలేది ఇంటి నుంచి విశాఖ లేదా చెన్నై రేవులో ఓడెక్కేవరకు ఉన్న బాధ్యత.