తవ్వకముందే పొరుగువాని హక్కు

ఊరి పక్కన ఫ్యాక్టరీ వస్తుందంటే ఉద్యోగాలు దొరుకుతాయని కొందరు, నీళ్ళు పాడవుతాయని కొందరు అంటారు. ఏది నిజమో ముందుగానే పరిశీలించడానికి చట్టంలో ఒక పద్ధతి ఉంది. దాన్ని తెలుసుకోవడం మనందరి బాధ్యత.

ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. ఫిఖహ్ గ్రంథాలలో 'హరీమ్' గురించిన చర్చ ఉంది. ఒకరి బావి చుట్టూ ఉండే రక్షిత స్థలాన్ని హరీమ్ అంటారు. మొదటి బావి నీరు తగ్గిపోకూడదని ఆ హద్దులో మరొకరిని బావి తవ్వనివ్వరు. అంటే నష్టం జరిగాక పరిహారం ఇవ్వడం కాదు, పలుగు ఎత్తకముందే పొరుగువాని హక్కు చూడాలి.

మన దేశంలో 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం గనులు, విద్యుత్ కేంద్రాలు, సిమెంటు ఫ్యాక్టరీల వంటి అనేక ప్రాజెక్టులకు ముందస్తు అనుమతి అవసరం. వాటిలో చాలావాటికి కాలుష్య నియంత్రణ మండలి ప్రజాభిప్రాయ సేకరణ సభ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. నివేదిక సారాంశాన్ని స్థానిక భాషలో కలెక్టరు కార్యాలయం వంటి చోట్ల అందుబాటులో ఉంచాలి. సభకు కనీసం ఇంతమంది రావాలన్న నియమం లేదు. మనం వెళ్ళకపోయినా సభ జరిగిపోతుంది!

నివేదికలో ఒక్క మాట తప్పయితే ఏమవుతుంది? శ్రీకాకుళం జిల్లా సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రానికి ఎంచుకున్న బీల నేలను పనికిరాని భూమిగా చూపారు. నిజానికి అది రైతులకు సాగునీటిని, మత్స్యకారులకు చేపలను ఇచ్చే చిత్తడి నేల. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే నెలలో జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ అనుమతిని రద్దు చేసింది. నేల సంగతి మొదటే సరిగా రాసి ఉంటే పరిస్థితి అంతదూరం వచ్చేదా?

కనుక సభకు ముందే మనం సారాంశం చదవాలి. మన బావులు, చెరువు, పొలాలు, ఖబ్రస్తాన్ అందులో ఉన్నాయో లేవో చూడాలి. చెప్పదలచింది రాసి ఇవ్వాలి. స్త్రీలు కూడా మాట్లాడాలి. ఇంటికి నీళ్ళు తెచ్చేది వారే కదా! సభ చివర నమోదైన అభిప్రాయాలను స్థానిక భాషలో చదివి వినిపించాలన్నది నియమం. అది విన్నాకే లేవాలి.

అక్కడ మనం చెప్పే మాట ఒక సాక్ష్యం. ఉద్యోగాశతో నష్టాన్ని దాచడం ఎంత తప్పో, కోపంతో లేని నష్టాన్ని కల్పించడం కూడా అంతే తప్పు. డబ్బు తీసుకొని సంతకం పెట్టడమంటే పొరుగువాని హక్కును అమ్ముకోవడమే.

అల్లాహ్ మనకు సత్యం పలికే భాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.