ప్రశ్నలు - జవాబులు: డాస్‌బాక్స్‌లో దొరకని ఆదేశాలు

ప్రశ్న: డాస్‌బాక్స్‌లో ఎక్స్‌కాపీ, సార్ట్, ఫర్ ఆదేశాలు లేవు, పైప్ గుర్తూ పనిచేయదు. ఇది లోపమా? మార్గమేమిటి?

జవాబు: పాత డాస్ ఆటలను నేటి కంప్యూటర్లలో నడపడానికి 2002లో వెలువడిన డాస్‌బాక్స్ ఒక ఎమ్యులేటర్, అంటే పాత యంత్రాన్ని అనుకరించే ప్రోగ్రాము, ఆట మొదలుపెట్టడానికి కావలసిన మేరకే అది ఆదేశాలను అందిస్తుంది గనుక దీనిని లోపమనడం కంటే పరిమితి అనడం న్యాయం. టర్బో సీ అనే పాత సీ కంపైలర్ కోసం దీనిని ఆశ్రయించే తెలుగునాటి ఇంజనీరింగ్ విద్యార్థులు ముందుగా గ్రహించవలసింది, అసలు డాస్‌లోనే ఆదేశాలు రెండు తెగలుగా ఉండేవన్న సంగతి. డిర్, కాపీ, ఫర్ వంటివి షెల్‌లో, అనగా టైపు చేసిన ఆదేశాన్ని చదివి అమలుచేసే ప్రోగ్రాములో, ఇమిడి ఉండే అంతర్గత ఆదేశాలు. ఎక్స్‌కాపీ, సార్ట్, ఫైండ్ డిస్కు మీద విడి ఫైళ్లుగా ఉండే బాహ్య ఆదేశాలు.

బాహ్య ఆదేశాల ఫైళ్లను, 1994లో ఆరంభమైన ఉచిత వ్యవస్థ ఫ్రీడాస్ నుంచి తెచ్చి, మౌంట్ చేసిన, అంటే డాస్‌బాక్స్‌కు డ్రైవ్‌గా చూపిన, ఫోల్డరులో పెట్టి, ఆ ఫోల్డరును పాత్‌లో, అనగా షెల్ ఆదేశాలను వెతికే ఫోల్డర్ల జాబితాలో, చేర్చితే చాలు. ఫర్‌ను మాత్రం ఏ విడి ఫైలూ తెచ్చిపెట్టలేదు. దానికి 4డాస్ వంటి మరో షెల్‌ను డాస్‌బాక్స్ లోపల నడపవలసిందే.

ఒక ఆదేశం ఫలితాన్ని మరొకదానికి అందించే నిలువు గీతే పైప్. ఒకసారికి ఒకే ప్రోగ్రామును నడిపే ఎంఎస్-డాస్ సైతం మొదటి ఆదేశం ఫలితాన్ని తాత్కాలిక ఫైలులో రాసి, రెండోదానికి చదివించి, ఆపై ఆ ఫైలును చెరిపేసేది. కనుక డిర్ ఫలితాన్ని > గుర్తుతో ఫైలులోకి మళ్లించి, ఆ ఫైలును < గుర్తుతో సార్ట్‌కు అందించడమంటే డాస్ చాటుగా చేసిన పనిని చేత్తో చేయడమే. ఆదేశం ఉండే చోటు తెలుసుకోకుండా రోజుకొక ఎమ్యులేటరును మార్చేవారికి, అదే చిక్కు కొత్త చోటా ఎదురుకాక మానదు.

ప్రశ్న: ఎంఎస్-డాస్ 6.22 నుంచి తెచ్చిన మూవ్ ఆదేశం, వెర్షన్ సరికాదంటూ ఆగిపోతోంది.

జవాబు: డాస్‌బాక్స్ తనను 5.0గా చెప్పుకుంటుంది గనుక, ముందుగా ‘వెర్ సెట్ 6 22’ అని టైపు చేయాలి.

ప్రశ్న: సీ డ్రైవ్ మొత్తాన్ని మౌంట్ చేయవచ్చునా?

జవాబు: కూడదు, ఎమ్యులేటరులో యంత్రం అనుకరణే అయినా మౌంట్ చేసిన ఫోల్డరు అసలుదే గనుక, అక్కడ డెల్‌తో చెరిపిన ఫైలు రీసైకిల్ బిన్‌కు సైతం చేరదు.